చేతిపిడి సుఖము వ్యర్థవ్యయమా?



నాగలి చేయించుకొను రైతు ముందుగా మేడిని తన చేతితో పట్టి చూచుకొనును. అది లావుగా నున్నచో బాడితతో చెక్కించును. గరుకుగా నున్నచో గాజుపెంకుతో గీకి నునుపు చేయును. పారకు కామ వేయించినను, కొడవలికి పిడి వేయించినను ఇదియే పద్ధతి. కాడి క్రింద ఎద్దు మెడ కందినయెడల గోనెపట్ట చుట్టిన గాని మరల దున్నడు. ఇంతటి వివేకము గల రైతు, దినమునకు గంట రెండు గంటలు పట్టుకొనియుండు మోటారు సైకిలు పిడి విషయమున మాత్రము అంగడివాడు ఏది చూపిన దానినే తొడిగించుకొని వచ్చుచున్నాడు. ఇది తగునా యని నా ప్రశ్న.

మన చోడవరము ప్రాంతమున మోటారు సైకిలు విలాసవస్తువు కాదు. పాలక్యానులు, ఎరువు బస్తా, పురుగుమందు పంపు, అన్నియు దాని మీదనే పోవుచున్నవి. మాడుగుల వైపునుండి అనకాపల్లి బెల్లపు బజారునకు పోయి వచ్చిన రైతు బండి దిగినంతనే చేతులు విదిలించుకొనుట నేను తఱచు చూచుచున్నాను. అడిగినచో, "తిమ్మిరెక్కిందండి బాబూ, అదే పోద్ది" అని నవ్వును. అది పోవును, నిజమే. కాని ప్రతిదినము వచ్చి పోవు తిమ్మిరి యొకనాడు పోకుండ నిలిచిన, ఆ చేయి కొడవలి పట్టునా? పాలు పిదుకునా?

ఈ తిమ్మిరి యెట్లు కలుగునో వినుడు. ఇంజను నిమిషమునకు 4500 చుట్లు తిరిగినచో సెకనుకు 75 మారులు అదరును. ఆ అదురు చట్రము గుండ హ్యాండిలుకు, హ్యాండిలునుండి అరచేతికి ప్రాకును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు వీనికి స్పర్శ నిచ్చు నరము మణికట్టు సందున పోవుచున్నది. చిటికెనవ్రేలి నరము అరచేతి మడమ కడ పోవుచున్నది. మణికట్టు వంచి, పిడిని బిగించి పట్టిన కొలది ఈ నరములు నలుగును, అదురు అధికముగా లోనికి దిగును. 1918లో అమెరికాలో ఆలిస్ హామిల్టను అను వైద్యురాలు ఇండియానా రాష్ట్రపు రాతిపనివారిని పరీక్షించి, గాలిసుత్తి పట్టువారి వ్రేళ్లు చలికి తెల్లబడి మొద్దుబారుచుండుట లోకమునకు వెల్లడి చేసెను. మోటారు సైకిలు గాలిసుత్తి వంటిది కాదు. కాని పవరు టిల్లరు దానికి చాల దగ్గఱ చుట్టము. ఐరోపా దేశములవారు 2002లో పనివాని చేతికి తగులు అదురునకు హద్దు నిర్ణయించి, దానిని పాటించు భారము యజమానిపై నుంచిరి. మన రైతు తనకు తానే యజమాని. కావున ఆ హద్దు తానే పెట్టుకొనవలెను.

నా తప్పును కూడ చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట ఒక పట్టణమున రంగురంగుల మెత్తని గ్రిప్పులు చూచి ముచ్చటపడి కొంటిని. కొలత చూడలేదు. కుడివైపు తొడుగు పొడవెక్కువై స్విచ్చి పెట్టెకు ఒరయుచుండెను. ఒక మలుపు కడ చేయి వదలినను యాక్సిలరేటరు వెనుకకు రాలేదు. బండి రోడ్డు దిగి చెఱకు తోటలో దూరెను. చెఱకు అడ్డుపడుటచే బ్రతికితిని. తోట యజమానిచే మాటలు పడితిని. ఆ మాటలన్నియు న్యాయమైనవే.

కావున గ్రిప్పు కొనువారు గమనింపవలసిన సంగతులివి. మన బండ్లలో పెక్కింటికి హ్యాండిలు గొట్టము లావు 22 మిల్లీమీటర్లు. కుడివైపున దానిపై యాక్సిలరేటరు గొట్ట మొకటి తిరుగుచుండును గనుక కుడి గ్రిప్పు రంధ్రము ఎడమదానికంటె పెద్దది. పాత జతను వెంట తీసికొనిపోయి పొడవును, రంధ్రమును సరిచూచుకొనుడు. పిమ్మట పిడికిలి పట్టి చూడుడు. వ్రేళ్ల కొనలు అరచేతిలో గ్రుచ్చుకొనరాదు, మిక్కిలి దూరముగను ఉండరాదు. చిన్న చేతికి లావు పిడి యిచ్చినచో అది మెత్తనిదైనను గట్టిగా పిసికి పట్టవలసి వచ్చి చేయి త్వరగా అలయును. కావున భర్తకు సరిపడినది భార్యకు సరిపడవలెనని లేదు.

స్పాంజి తొడుగు అదురును మ్రింగును గాని వానను, చెమటను కూడ త్రాగును, ఎండకు పొడియగును. గట్టి ప్లాస్టిక్కు మన్నును గాని అదురునంతయు చేతికే యిచ్చును. మన యెండకు, వానకు, బురదచేతులకు తక్కువ లోతు గాళ్లు గల మధ్యరకపు మెత్తని రబ్బరే మేలని నా యభిప్రాయము.

తొడుగునప్పుడు నూనె గాని గ్రీజు గాని రాయనీయకుడు. పాత జిగురు గీకి, గ్రిప్పుల జిగురుతో అతికించి ఒక రాత్రి ఆరనిండు. తరువాత హ్యాండిలును ఎడమకు, కుడికి పూర్తిగా త్రిప్పి, రెండు తావులను యాక్సిలరేటరును త్రిప్పి వదలి చూడుడు. అది టక్కున వెనుకకు రాకున్న ఆ బండి నెక్కకుడు. బ్రేకు, క్లచ్చి పిడులను ముంజేతికి సూటిగా నుండునట్లు వంపించుకొనుడు. ఇంజను బోల్టులు వదులైన బండికి ఏ గ్రిప్పును మందు కాదు. ఇంత చేసినను తిమ్మిరి రాత్రులందు కూడ విడువకున్న మెకానిక్కు కడకు కాదు, వైద్యుని కడకు పోవలెను.

"ఇవి సుకుమారుల మాటలు, మా తాతలు ఇనుప పిడియే పట్టిరి" అని కొందఱందురు. వారి తాతలు పట్టినది కొయ్య మేడి. అది సెకనుకు 75 మారులు అదరలేదు. వ్యయమందుమా, సాధారణపు జత వెల ఒక దినపు కూలికి మించదు.

సంఘ సభ్యులకు నా మనవి యొకటి. ఎరువు, విత్తనము అమ్ము మన డిపోలలో రెండు మూడు కొలతల గ్రిప్పులను నమూనాకు ఉంచి, సభ్యుడు చేతితో పట్టి చూచి యెన్నుకొను వీలు కల్పించినచో సంఘమునకు భారము కాదు. ఎద్దు మెడను కాచుకొనుట యెఱిగిన మనము మన చేతిని కాచుకొనుట నేర్వలేమా? సేద్యమునకు మొదటి పనిముట్టు చేయియే గదా!

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు, చోడవరము