దీవులను కోయని సరిహద్దు

న్యూయార్క్ రాష్ట్రంలోని అలెగ్జాండ్రియా బే దగ్గర టూరిస్టు పడవల్లో ఒక చోట జనమంతా ఒకే పక్కకు చేరి ఫోన్లు పైకెత్తుతారు. ఎదురుగా ఒక దీవి. దాని మీద ఒక ఇల్లు, పక్కన చెట్టు, నాలుగు కుర్చీలు వేసుకునేంత జాగా. అంతే, గోడ దిగితే నీళ్లే. దాని పేరు ‘జస్ట్ రూమ్ ఎనఫ్’. నది ఒక్క అడుగు పెరిగినా ఆ ఇంటివాళ్లకు గుండె గుభేలుమంటుంది.

ఒంటారియో సరస్సు నుంచి సెయింట్ లారెన్స్ నది బయటికొచ్చే చోట, కెనడాలోని కింగ్‌స్టన్ నుంచి దిగువకు దాదాపు 80 కిలోమీటర్ల పొడవునా పరుచుకున్న దీవుల సంఖ్య 1,864. పేరు మాత్రం థౌజండ్ ఐలాండ్స్. ఏడాది పొడుగునా నీటిపైన ఉండాలి, చెట్టంటూ బతికుండాలి. అప్పుడే దీవిగా లెక్క. కొన్ని కెనడావి, కొన్ని అమెరికావి. టొరంటో నుంచో న్యూజెర్సీ నుంచో నయాగరాకు వెళ్లే తెలుగు కుటుంబాలు కొన్ని ఇక్కడా ఒక పూట ఆగి బోల్ట్ కోటను చూసి వెళ్తాయి. హోటళ్ల వ్యాపారి జార్జ్ బోల్ట్ భార్య కోసం 1900లో మొదలుపెట్టి, 1904లో ఆమె పోగానే పని ఆపేయించిన కోట అది. ఆ కథ చెప్పని గైడ్ ఉండడు. ఈ నీళ్లను రెండు దేశాలు కలిసి చూసుకుంటున్న తీరు గురించి చెప్పేవాళ్లే తక్కువ. అసలు చెప్పుకోవాల్సింది దాని గురించే.

సరిహద్దు నది మధ్యగా పోతుందని 1783 పారిస్ ఒప్పందం ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇన్ని దీవులున్న నదికి మధ్య ఎక్కడ? అమెరికా, బ్రిటన్‌ల మధ్య 1812లో మొదలైన యుద్ధంలో ఈ నీళ్లమీదా తుపాకులు పేలాయి. యుద్ధం ముగిశాక రెండు పక్షాల కమిషనర్లు సర్వేయర్లను వెంటేసుకుని ఏళ్ల తరబడి కొలిచారు. బ్రిటిష్ కమిషనర్ జాన్ ఓగిల్వీ ఆ పనిలోనే జ్వరం తగిలి 1819లో చనిపోయాడు. చివరికి 1822లో గీత ఖరారైంది. ఏ దీవినీ రెండుగా కోయకూడదన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. అందుకే మ్యాపులో ఆ గీత వంకర్లు తిరుగుతూ, ఒక దీవికి ఇటు, మరో దీవికి అటు ఒదిగి పోతుంది. ఇంత ఓపికగా గీసిన సరిహద్దులు ప్రపంచంలో అరుదు.

గీత గీస్తే సరిపోదు, నీటికి కాపలా కావాలి. 1909లో కుదిరిన సరిహద్దు జలాల ఒప్పందం ఇంటర్నేషనల్ జాయింట్ కమిషన్‌ను పుట్టించింది. చెరో ముగ్గురు సభ్యులు. ఒక దేశం జనాభా రెండోదానికి ఎన్నో రెట్లున్నా ఓట్లు సమానం. దిగువన కార్న్‌వాల్, మసీనా పట్టణాల మధ్య 1958లో కట్టిన మోజెస్-సాండర్స్ డ్యామ్ గోడ మధ్యగా సరిహద్దు పోతుంది. 32 టర్బైన్లలో 16 ఒంటారియోవి, 16 న్యూయార్క్‌వి. ఎంత నీరు వదలాలో ఒక దేశం ఒంటరిగా నిర్ణయించడానికి వీల్లేదు.

ఈ పంపకంలో అంతా మంచే జరిగిందని కాదు. ఆ డ్యామ్ కోసం, ఓడల కాలువ కోసం ఒంటారియో వైపు ఊళ్లు మునిగి, 6,500 మంది దాకా ఇళ్లు వదిలారు. నీటిమట్టాన్ని దశాబ్దాల పాటు ఒకే తీరుగా ఉంచడంతో ఒడ్డున పచ్చిక బయళ్లను జమ్ము కమ్మేసింది. అక్కడ గుడ్లు పెట్టే పైక్ చేపలకు చోటు లేకపోయింది. ఆ తప్పు సరిదిద్దడానికి నదిని కొంత సహజంగా పెరగనిచ్చి, తగ్గనిచ్చే పద్ధతి 2017లో అమల్లోకి వచ్చింది. ఆ ఏడాదే వరద. 2019లో మళ్లీ వరద. సరస్సు దక్షిణపు ఒడ్డువాళ్లు కొత్త పద్ధతినే తిట్టిపోశారు. కుండపోత వానలే కారణమని కమిషన్ చెప్పింది, అయినా పునఃసమీక్షకు ఒప్పుకుంది. తిట్టిన వాళ్ల మాట కూడా వినే సంస్థ కాబట్టే దాన్ని కాపాడుకోవాలి.

ఇప్పుడు దానికే గండం వచ్చింది. 1908 నాటి సరిహద్దు ఒప్పందం చెల్లుతుందని తాను నమ్మడం లేదని, నీటి ఒప్పందాలను కూడా తిరగతోడాలని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అప్పటి కెనడా ప్రధానితో ఫోన్‌లో అన్నట్టు 2025 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ రాసింది. పడమటి వైపు కొలంబియా నది ఒప్పందంపై చర్చలకూ అదే నెలలో బ్రేకు పడింది. రెండు దేశాల మధ్య సుంకాల గొడవ మీద బేరాలు ఆడుకోవచ్చు. ఇవాళ పెంచినవి రేపు తగ్గుతాయి. నీటి గేట్లను ఆ బేరంలోకి లాగితే మునిగేది రెండు ఒడ్లూ. ఒట్టావా, వాషింగ్టన్ కమిషన్‌ను ఆ గొడవకు దూరంగా ఉంచుతామని బహిరంగంగా ప్రకటించాలి.

సరిదిద్దాల్సింది ఇంకోటి ఉంది. ఈ దీవులకు తెల్లవాళ్లు రాకముందే హోడెనోషోనీ, అనిషినాబే జాతులు ఇక్కడ ఉన్నాయి. డ్యామ్ పక్కనే ఉన్న అక్వెసాస్నే అనే చోట మోహాక్ జాతి భూమిని సరిహద్దు చీల్చుకుంటూ పోతుంది. దీవుల మీద చూపిన ఓపిక వాళ్ల ఊళ్ల మీద ఎవరూ చూపలేదు. కమిషన్‌లో తొలి మూలవాసీ సభ్యుడిగా హెన్రీ లికర్స్‌ను కెనడా నియమించేసరికి 2019 వచ్చింది, అంటే ఒప్పందం కుదిరిన 110 ఏళ్లకు. ఆ కుర్చీ ప్రభుత్వాల దయమీద ఆధారపడకుండా, శాశ్వతంగా వాళ్లదే అయ్యేలా రెండు దేశాలూ రాసివ్వాలి.