పాలు, పరిశోధన, పెట్టుబడి.. ఒకచోట కూర్చునేదెప్పుడు?

ఆక్లాండ్‌లో ఉండే మనవాళ్లను అడిగితే హామిల్టన్ అంటే ఆవులు, పచ్చిక, హాబిటన్‌కు వెళ్తూ కాఫీకి ఆగే ఊరు. ఇక్కడే ఇళ్లు కొనుక్కుని పిల్లల్ని బడికి పంపుతున్న మనలో చాలామందికి కూడా అంతకు మించి తెలియదు. రెండు లక్షలకు కాస్త తక్కువ జనాభా ఉన్న ఈ ఊరి తూర్పు అంచున రువాకురా ఉంది. 1901లో ప్రభుత్వ ప్రయోగ క్షేత్రంగా మొదలైన చోటు. పశువుల పునరుత్పత్తి, గడ్డి, పాలు, పశువుల జబ్బుల మీద ఎంతో పేరున్న పరిశోధన అక్కడ జరిగింది. కాస్త అవతల న్యూస్టెడ్‌లో ఎల్‌ఐసీ. అంటే లైవ్‌స్టాక్ ఇంప్రూవ్‌మెంట్ కార్పొరేషన్. ఫోన్లో ఈ పేరు చెబితే మా అమ్మ "అక్కడ కూడా పాలసీ కట్టావా" అని అడిగింది. పాడి రైతులే యజమానులైన ఈ సహకార సంస్థ మేలుజాతి ఆబోతుల వీర్యం నుంచి పాల పరీక్షలు, జన్యు సమాచారం దాకా చూసుకుంటుంది. మేకపాలతో పసిపిల్లల పాలపొడి చేసే డెయిరీ గోట్ కోఆపరేటివ్ కూడా ఈ ఊరిదే. ఇన్నొవేషన్ పార్కులో 2012లో ఒక స్ప్రే డ్రయర్ పెట్టారు. సొంత ఫ్యాక్టరీ కట్టుకోలేని చిన్న కంపెనీలు దాని ఆసరాతోనే పాలపొడి తయారు చేసుకున్నాయి.

ఇవన్నీ పావుగంట డ్రైవ్‌లో ఉన్నాయి. కానీ ఇక్కడ శాస్త్రవేత్తకు శాస్త్రవేత్తలు తెలుసు, రైతుకు రైతులు తెలుసు, నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాళ్లకు రియల్ ఎస్టేట్ ఏజెంట్లు తెలుసు. కలుసుకోవడానికి వేదికలు అసలే లేవని అనను. దేశం మొత్తానికి బయోటెక్‌ఎన్‌జడ్ ఉంది, హామిల్టన్‌లో స్టార్టప్‌లకు చేయూతనిచ్చే సోడా ఉంది, ఏంజెల్ ఇన్వెస్టర్ల బృందాలు ఆక్లాండ్‌లో, టౌరంగాలో ఉన్నాయి. నేను అడిగేది వేరు. వైకాటోలో బయోటెక్ మీద పనిచేసేవాళ్లు, దాని మీద డబ్బు పెట్టగలవాళ్లు, ఆ సరుకు వాడాల్సిన రైతులు క్రమం తప్పకుండా ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. అందులో మన తెలుగువాళ్లు కూడా ఉండాలి.

సాఫ్ట్‌వేర్ వాడికి ఇదంతా ఎందుకంటారేమో. హైదరాబాద్‌ను చూడండి. శాంతా బయోటెక్నిక్స్ మొదలుపెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు జీవశాస్త్రం చదివినవారు కాదు, నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. 1993లో తల్లి పేరు మీద కంపెనీ పెట్టారు. హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచి రావడం, సామాన్యుడికి అందని ధర పలకడం ఆయన్ను కదిలించాయి. పరిశోధన ఉస్మానియా యూనివర్సిటీలో, ఆ తర్వాత సీసీఎంబీలో సాగింది. మన బ్యాంకులు ముందుకు రాని రోజుల్లో ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ డబ్బు పెట్టారు. 1997లో టీకా బయటికొచ్చింది. దేశంలో రీకాంబినెంట్ పద్ధతిలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అది. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ అనే మాట 1999లో గానీ పుట్టలేదు. ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్న బయో ఆసియా సదస్సు ఇంకా తర్వాతది. భూములు, బోర్డులు, సదస్సులు రాకముందే ఒక ఇంజినీరు, కొందరు శాస్త్రవేత్తలు, ఒక ఓపికున్న పెట్టుబడిదారు ఒకరికొకరు తారసపడ్డారు. ఆ తారసపడడం అదృష్టం మీద నడిచింది. ప్రతిసారీ అదృష్టాన్ని నమ్ముకోలేం కదా.

కలవకపోతే ఏమవుతుందో చూడాలంటే ఇక్కడికి దగ్గర్లోని తె అరోహా కథ తెలుసుకోవాలి. వేసవి చివర్లో, ఉక్కపోత రోజుల్లో ఎండుగడ్డి మీద పెరిగే ఒక బూజు ఆవుల, గొర్రెల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండ తగిలితే చర్మం పుండ్లు పడుతుంది. ఫేషియల్ ఎగ్జీమా అంటారు. దీనికి కారణం ఆ బూజేనని 1958లో రువాకురాలోనే తేల్చారు. నివారణ మాత్రం దొరకలేదు. గ్లాడిస్ రీడ్ అనే రైతు మహిళ తన పశువులకు జింక్ ఇస్తే జబ్బు రావడం లేదని గమనించి, 1970లలో అందరికీ చెప్పడం మొదలుపెట్టారు. ఒక రైతు మాట అధికారిక శాస్త్రానికి వెంటనే ఎక్కలేదు. చివరికి రువాకురా ప్రయోగాలే ఆమె మాట నిజమని తేల్చాయి, 1983లో ఆమెకు ఓబీఈ గౌరవం దక్కింది. ఇవాళ్టికీ రైతులు వాడేది జింకే. మధ్యలో పోయిన ఏళ్లలో ఎన్ని పశువులు విలవిల్లాడి ఉంటాయో. ఆమెకూ ఆ ల్యాబుకూ మధ్య దూరం గంట ప్రయాణం కూడా లేదు.

ఇప్పుడే ఎందుకు ఈ మాట అంటే, ఇక్కడి పరిశోధన రంగం కుదుపులో ఉంది. కొత్త కంపెనీలకు అండగా ఉండే కాలహన్ ఇన్నొవేషన్‌ను మూసేస్తున్నట్టు 2025 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. అదే ఏడాది జూలైలో అగ్‌రీసెర్చ్‌తో పాటు మరో మూడు సంస్థలను కలిపి ఒకే బయోఎకానమీ సంస్థ చేశారు. ఇలాంటి మార్పుల్లో ముందుగా ఊడేది కాంట్రాక్టు మీద ఉన్న కుర్ర పరిశోధకుల ఉద్యోగాలే. పాల ప్రోటీన్ల మీద పీహెచ్‌డీ చేసిన ఒక తెలుగమ్మాయి నాకు తెలుసు. తన పరిశోధనతో చిన్న కంపెనీ పెట్టాలనుకుంది. మొదటి ట్రయల్‌కు కావాల్సింది ఒక మామూలు కారు ఖరీదంత డబ్బు, నలభై ఆవులు ఇచ్చే ఒక రైతు. రెండూ దొరకలేదు, మెల్‌బోర్న్ వెళ్లిపోయింది. ఆ నెలలోనే మనవాళ్లింట్లో గృహప్రవేశానికి వెళ్తే భోజనాల దగ్గర మూడో ఇల్లు ఎక్కడ కొంటే మంచిదన్న చర్చ గంటసేపు నడిచింది. ఆ అమ్మాయి పేరు అక్కడ ఒక్కరికీ తెలియదు.

ఇల్లు కొనడాన్ని తప్పు పట్టను, నేనూ కొన్నాను. కానీ పొదుపంతా ఇటుకల్లోనే పెడితే మన పిల్లలకు ఈ ఊళ్లో ఉద్యోగాలు ఎవరు సృష్టిస్తారు? బయోటెక్‌లో డబ్బు పెట్టేవాళ్లకు మాత్రం ఒక సంగతి ముందే చెప్పాలి. మా సాఫ్ట్‌వేర్‌లో మూడు నెలల్లో ఏదో ఒకటి తెర మీద చూపిస్తాం. పశువుల మందు అలా కుదరదు. ఒక సీజన్ తప్పితే ఏడాది ఆగాలి, ఎందుకంటే ఆ గడ్డి, ఆ బూజు, ఆ ఈతలు మళ్లీ ఏడాదికే వస్తాయి. తర్వాత ప్రభుత్వ అనుమతి. శాంతాను సనోఫీ కొన్నది 2009లో, అంటే మొదలైన పదహారేళ్లకు. పోయినా ఫర్వాలేదనుకునే డబ్బే పెట్టాలి. అప్పు చేసి, ఇంటి మీద టాప్-అప్ తీసుకుని పెట్టే పని అస్సలు కాదు.

ఇక్కడి చట్టం కూడా పరిచయానికి విలువిస్తుంది. 2013 నాటి ఫైనాన్షియల్ మార్కెట్స్ కాండక్ట్ చట్టం ప్రకారం ఒక చిన్న కంపెనీ పన్నెండు నెలల్లో ఇరవై మందికి మించకుండా, 20 లక్షల డాలర్లు దాటకుండా, పెద్ద ప్రాస్పెక్టస్ హడావుడి లేకుండా వాటాలు అమ్ముకోవచ్చు. కాకపోతే ముక్కూ మొహం తెలియని జనానికి ప్రకటనలిచ్చి అమ్మడం కుదరదు. పాత పరిచయం వల్లనో, మరో సంబంధం వల్లనో ఆసక్తి ఉంటుందనుకునేవాళ్లను, లేదా ఏడాదికి రెండు లక్షల డాలర్ల ఆదాయం ఉన్నవాళ్లను మాత్రమే అడగాలి. మన మధ్య పరిచయమే లేకపోతే ఈ వెసులుబాటు ఉండీ ఏం లాభం? సంతకం పెట్టే ముందు లాయర్‌ను అడగాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో పెద్ద పెట్టుబడిదారు ఇక్కడే ఉన్నారు. మనం పట్టించుకోం. వైకాటో-తైనుయి మావోరీలు 1995లో ప్రభుత్వంతో కుదుర్చుకున్న ఒప్పందం విలువ 17 కోట్ల డాలర్లు. రువాకురా చుట్టూ ఉన్న భూముల్లో చాలా భాగం ఇప్పుడు వాళ్లవే. మనవళ్ల మనవళ్లను లెక్కలో పెట్టుకుని డబ్బు వాడేవాళ్లు. పదిహేనేళ్లు ఆగాల్సిన రంగానికి అలాంటి పెట్టుబడి కంటే ఏం కావాలి? వాళ్లను పిలవకుండా వైకాటోలో ఏ బృందం పెట్టినా అది సగమే.

అందుకే తెలుగు బయోటెక్ సంఘం అని మరొకటి పెడదామనే మాటకు నేను వ్యతిరేకిని. మనకు సంఘాలు తక్కువేం లేవు. అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, శాలువాలు, ఫొటోలు, రెండేళ్లకు చీలిక. ఇది వైకాటో బృందంగానే ఉండాలి, మనం అందులో చేరాలి. మనలో ల్యాబ్ టెక్నీషియన్లు, పశువైద్యులు, ఫ్యాక్టరీ నాణ్యత విభాగాల్లో పనిచేసేవాళ్లు, నాలాంటి డేటా మనుషులు, అకౌంటెంట్లు ఉన్నారు. ఒక చిన్న బయోటెక్ కంపెనీకి రోజువారీ కావాల్సిన మనుషులు వీళ్లే. ఆర్ అండ్ డీ పన్ను రాయితీ 15 శాతం ఉంది. దాని కాగితాలు సరిగ్గా నింపిపెట్టే అకౌంటెంటు ఒకరు చేరితే అదే పెద్ద పెట్టుబడి.

నా లెక్కలో ఇరవై మంది చాలు. ఒకసారి ల్యాబులో, ఒకసారి పాలు పితికే షెడ్డులో, ఒకసారి ఎవరింటి గ్యారేజీలోనో కలవచ్చు. ముందు రైతు తన సమస్య చెప్పాలి, ఆ తర్వాతే ఎవరైనా తమ ఆలోచన చెప్పాలి. అదీ ఏం సాధించాలనుకుంటున్నారో అంతవరకే, ఎలా చేస్తారో వద్దు. పేటెంట్ దరఖాస్తు పడకముందే నలుగురిలో గుట్టు విప్పితే యూరప్ లాంటి చోట్ల హక్కు పోతుంది. మొదటి ఏడాది ఎవరూ ఎవర్నీ డబ్బు అడగకూడదన్న నియమం కూడా పెడతాను. దీనికి నా మిత్రులు కొందరు ఒప్పుకోవడం లేదు. అడగనిది ఎలా వస్తుందంటారు. కానీ పరిచయం ముదరకముందే చెక్కు మాట వస్తే రెండో మీటింగుకు సగం మంది రారని నా అనుమానం.

తేదీలు మన సౌకర్యం చూసుకుని పెట్టకూడదు. జూలై చివరి నుంచి సెప్టెంబరు దాకా ఈతల కాలం, రైతుకు నిద్ర కూడా ఉండదు. మిగతా రోజుల్లో సాయంత్రం ఆరింటికి పెట్టినా రాలేరు, పొద్దున్నే నాలుగున్నరకు లేవాలి. ఉదయం పాలు పితకడం అయ్యాక పది గంటల వేళ కుదురుతుంది. అన్నిటికంటే అనువైనది ఆవులు వట్టిపోయి ఉండే జూన్. 1969లో మొదలైన ఫీల్డేస్ మిస్టరీ క్రీక్‌లో జరిగేది కూడా ఆ నెలలోనే. దేశం నలుమూలల నుంచి రైతులు, కంపెనీలు ఎలాగూ మన ఊరికే వస్తారు. ఆ వారంలో ఒక పూట, ఇరవై కుర్చీలు, ఫ్లాస్కు నిండా టీ ఉంటే మొదటి మీటింగు అయిపోతుంది. టీ నేను తెస్తాను.