నాటుకోడికి సూది ఎవరు వేయాలి?

అచ్చంపేట చుట్టుపక్కల ఏ ఊరికి, ఏ తండాకు పోయినా ఇంటి ముందర గంపో గూడో కనబడుతుంది. అమ్రాబాద్, పదర, లింగాల, బల్మూరు, ఉప్పునుంతల మండలాల్లో వానను, బోరును నమ్ముకొని పత్తి, పల్లి, మక్క వేస్తున్నాం. పంట పైసలు చేతికొచ్చేది ఏడాదికి ఒకసారి, బాగా కలిసొస్తే రెండుసార్లు. పిల్లవాని ఫీజు, దవాఖాన ఖర్చు, బస్సు కిరాయి మాత్రం నెలనెలా ఉంటాయి. చాలా ఇండ్లలో ఆ ఖర్చు ఎల్లదీసేది కోళ్లే. వాటిని సాదేది, అంగడికి పట్టుకపోయి అమ్మేది, ఆ పైసలు కొంగున ముడేసుకునేది ఆడవాళ్లు. అందుకేనేమో మన సంఘం తీర్మానాల్లో మద్దతు ధర ఉంటుంది, కరెంటు ఉంటుంది, రుణమాఫీ ఉంటుంది గాని కోడి ఊసు ఉండదు. ఈ నెల ఆ ఊసు ఎత్తుదామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పెరటి కోడి రెండు తీర్ల చస్తుంది. ఒకటి గాయంతో, రెండోది రోగంతో. ఈ రెండింటినీ మనం ఒకే గాటన కట్టి, "కోడి ప్రాణమెంత, కోసుకుంటే పోలే" అంటున్నాం. నా వాదన ఏమిటంటే, గాయం సంగతి ఇంట్లో చూసుకోవచ్చు. రోగం సంగతి ఇంట్లో తెగదు. అది ఊరంతా కలిసి, సర్కారు చేత చేయించుకోవాల్సిన పని.

ముందు గాయం సంగతి. కుక్క పట్టినా, పిల్లి గీరినా, ముంగిస కొరికినా మొదటి గంటలో చేసే పనిమీదే కోడి బతుకు ఆధారపడి ఉంటుంది. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు ఒత్తి పట్టుకోవాలి. ఆ వెంటనే దాన్ని మందలోంచి తీసెయ్యాలి. నెత్తురు కనబడితే తోటి కోళ్లే పొడిచి పొడిచి చంపుతాయి. గాయం చుట్టూ ఈకలు కత్తిరించి, గోరువెచ్చని ఉప్పునీళ్లతో కడిగి, మందుల షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్ పూయాలి. ఈగలు వాలకుండా గాయం అంచుల చుట్టూ వేపనూనె రాయవచ్చు. ఈగ గుడ్డు పెట్టిందంటే ఒకటి రెండు రోజుల్లో పురుగు పడుతుంది. కాబట్టి పొద్దున, మాపు చూసుకోవాలి. గాలి ఆడే గంప కమ్మి, చీకటిగా, వెచ్చగా ఉన్నచోట పెడితే కోడి బెదురు తగ్గి తేరుకుంటుంది. నీళ్లలో కొంచెం బెల్లం కలిపి దగ్గర పెట్టాలి. తినడం మొదలుపెట్టాక నూకలు, మెత్తటి అన్నం వేయాలి.

కాలు విరిగితే సన్నటి వెదురు బద్దలు రెండు తీసుకొని, లోపల దూది పెట్టి గుడ్డపీలికతో కట్టాలి. వేళ్లు వాచినా, చల్లబడినా కట్టు బిగిసిందని అర్థం. అప్పుడు కొంచెం వదులు చేయాలి. మూడు వారాల వరకు కదలనివ్వకుండా ఉంచితే చాలా కాళ్లు అతుక్కుంటాయి. మేత సంచి చిరిగి తాగిన నీళ్లు బయటికి కారుతుంటే మాత్రం కుట్లు పడాలి, డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

ఒక్క కోడికి ఇంత తిప్పలెందుకని అడిగేవాళ్లున్నారు. పొదిగే పెట్ట విలువ దాని కూర ఖరీదుతో తేలదు. ఒక ఇంట్లో నాలుగు పెట్టలు ఉన్నాయనుకుందాం. ఒక్కోటి ఏడాదికి మూడుసార్లు పొదిగి, పదేసి పిల్లలను లేపితే 120 పిల్లలు. గద్ద ఎత్తుకపోయినవి, పిల్లి పట్టినవి పోను సగమే మిగిలాయనుకున్నా 60. ఒక్కోటి 400 రూపాయలకు అమ్మితే 24,000. దీంట్లో ఒక్క పెట్ట పోతే 6,000 పోయినట్టే. దానికి అరసీసా అయోడిన్, రెండు వెదురు బద్దలు ఎక్కువ ఖర్చా?

ఇక రోగం సంగతి. పైన వేసిన లెక్క మొత్తాన్ని ఒక్క వారంలో తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. డాక్టర్లు దీన్ని రాణిఖెట్ అంటారు. 1927లో కుమావూ కొండల్లోని రాణిఖెట్ పట్టణంలో మన దేశంలో మొదట గుర్తించారు కాబట్టి ఆ పేరు నిలిచింది. కోడి తూగుతుంది, రెక్కలు వాలుస్తుంది, నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంది, ఆకుపచ్చగా తెల్లగా పారుతుంది, బతికినవాటికి మెడ వంకర తిరుగుతుంది. ఇది వైరస్ రోగం, సోకినాక మందు లేదు. షాపులో ఇచ్చే టెట్రాసైక్లిన్ గోలీ ఈ వైరస్‌ను ఏమీ చేయదు. అయినా ప్రతి ఎండాకాలం మన అక్కలు ఆ గోలీలకు పైసలు పోస్తూనే ఉన్నారు.

మందు లేని ఈ రోగానికి టీకా మాత్రం ఉంది. ముక్తేశ్వర్ పశువైద్య పరిశోధన సంస్థలో 1940లలోనే తయారైంది. పిల్ల పుట్టిన వారంలో కంట్లో లసోటా చుక్క, నెల రోజులప్పుడు మళ్లీ చుక్క, ఎనిమిది వారాలప్పుడు ఆర్‌2బీ సూది. మనిషి జీవితకాలం కంటే పాత టీకా అది. ఫారం కోడికి మొదటి వారంలోనే ఆ చుక్క పడుతుంది. మన వాకిట్లో కోడికి ఎందుకు పడటం లేదు?

కారణం సీసాలో ఉంది. ఆర్‌2బీ టీకా సాధారణంగా 100 డోసుల సీసాలో వస్తుంది. నీళ్లు కలిపాక మంచులో పెట్టుకొని రెండు గంటల్లో వాడెయ్యాలి. ఎనిమిది కోళ్లున్న ఇల్లు 100 డోసులు ఏం చేసుకుంటుంది? వంద కోళ్లు కావాలంటే పది పన్నెండు ఇండ్లు ఒకే పొద్దున కలవాలి. ఆ కలిపే మనిషి ఎవరూ లేరు. కోడికి పడే టీకా ఖర్చు కొద్ది రూపాయలే. లేనిదల్లా ఏర్పాటు. కోడిని సంకలో పెట్టుకొని పశువుల దవాఖానకు పోయిన ఒక అమ్మను చూసి నవ్వడం నేను చూశాను. ఆమె ఒక్కతే పోయింది కాబట్టి నవ్వారు. ఊరు ఊరంతా పోతే నవ్వేవాళ్లుండరు.

సర్కారుకు పథకాలు లేవని కాదు. 2017లో రాష్ట్రంలో 1962 నంబరు సంచార పశువైద్య వాహనాలు వచ్చాయి. 2019 సెప్టెంబరులో కేంద్రం గాలికుంటు నివారణకు రూ.13,343 కోట్ల కార్యక్రమం మొదలుపెట్టింది. ఆవు, బర్రె, గొర్రె, మేక, పంది అందులో ఉన్నాయి. గాలికుంటు కోడికి రాదు కాబట్టి కోడి లేకపోవడం సహజమే. మరి కోడికి వచ్చే రోగానికి అంత పట్టుదల ఏది? పశువ్యాధుల నివారణకు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో పెట్టే నిధులు కోళ్ల రోగాలకూ వాడుకోవచ్చు. టీకాలు తయారుచేసే సర్కారు సంస్థ హైదరాబాద్ శాంతినగర్‌లో, మనకు మూడు గంటల దారిలో ఉంది. వనరాజా, గ్రామప్రియ కోళ్లను రూపొందించింది కూడా రాజేంద్రనగర్‌లోనే. పిల్లలు పంచి ఫొటో దిగితే సరిపోదు. పంచిన పిల్లకు టీకా వేసే మనిషి ఊళ్లో లేకపోతే ఆ పిల్ల వచ్చే ఎండాకాలం దాటదు.

2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు 31.7 కోట్లు. 2012తో పోలిస్తే దాదాపు 46 శాతం పెరిగాయి. అంటే సర్కారు పట్టించుకోకున్నా ఆడవాళ్లు తమ చేత్తోనే ఈ రంగాన్ని పెంచారు.

వేరే దేశాల్లో ఈ సమస్యను ఎట్లా దాటారో చూడండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఎండకు కొంత తట్టుకునే ఐ-2 అనే టీకా విత్తనాన్ని తయారుచేసి, పేద దేశాలకు అందుబాటులోకి తెచ్చారు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఊరి మనుషులకే నేర్పించారు. వాళ్లు నాలుగు నెలలకోసారి ఇల్లిల్లూ తిరిగి కోడి కంట్లో చుక్క వేస్తారు, కోడికింత అని తీసుకుంటారు. డాక్టరు రాలేదని టీకా ఆగదు. మన పక్కన తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం దాణా గోలీ రూపంలో నోటితో తినిపించే రాణిఖెట్ టీకాను తయారుచేసింది. నల్లమల లోపలి చెంచు పెంటలకు మంచుపెట్టె మోసుకపోవడం కష్టం కాబట్టి ఇట్లాంటివి మనకే ఎక్కువ అవసరం.

మనం చేయాల్సింది కూడా ఉంది. రోగం తగిలిన కోడిని అగ్గువకు అంగడిలో అమ్ముకుంటే మనకు వచ్చేది వంద, రెండు వందలు. పది ఊర్లకు పంచేది రోగం. కోసి పేగులు, ఈకలు వాకిట్లో పారేసినా అంతే. చచ్చిన కోడిని వాగులో వెయ్యొద్దు, లోతుగా బొంద తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఒక్కసారిగా నాలుగైదు చస్తే ఉత్త చేతులతో ముట్టుకోకుండా పశువైద్యాధికారికి చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చిన బర్డ్ ఫ్లూ సంగతి మరువద్దు. పరిహారం దక్కేది అధికారులు చంపించిన కోళ్లకే. ముందే చచ్చినవాటికి లేదు. ఆలస్యంగా చెబితే పోయేది మనకే.

సంఘం తరఫున మూడు డిమాండ్లు పెడదామని నా ప్రతిపాదన. ఒకటి, ప్రతి ఊళ్లో, తండాలో, పెంటలో నాలుగు నెలలకోసారి కోళ్ల టీకా రోజు జరపాలి. అందులో ఒకటి తప్పనిసరిగా సంక్రాంతి పోయిన వెంటనే, ఎండలు ముదరకముందే ఉండాలి. రెండు, ఊరికి ఒక ఆడమనిషికి టీకా వేయడం, గాయానికి కట్టు కట్టడం నేర్పించి, మంచుపెట్టె ఇచ్చి, కోడికింత అని సర్కారే కట్టివ్వాలి. మూడు, సర్కారు కోడిపిల్లలు పంచిన ప్రతిచోటా ఆ ఏడాది టీకాల బాధ్యత ఆ శాఖే తీసుకోవాలి.

మన అమ్రాబాద్ పొడ తూర్పు ఎద్దుకు జాతీయ జాతుల జాబితాలో చోటు ఊరికే రాలేదు. పెంచే రైతులు సంఘంగా నిలబడి పట్టుబట్టారు. కోళ్లు పెంచే అక్కలకు అట్లాంటి సంఘం ఇంకా లేదు. కాబట్టి ఈ నెల గ్రామ కమిటీలు ఒక పని చేయాలి. ఆడవాళ్లను మీటింగుకు పిలిచి, ఇల్లిల్లూ ఎన్ని కోళ్లున్నాయో, పోయిన ఎండాకాలం ఎన్ని చచ్చాయో కాగితం మీద రాయించండి. ఆ లెక్కలన్నీ కలిపి డిసెంబరులోపే మండల పశువైద్యాధికారికి ఇచ్చి, రసీదు తీసుకుందాం. జనవరిలో టీకా రాకపోతే ఆ రసీదు పట్టుకొని కలెక్టరు ప్రజావాణికి పోదాం.