హెచ్చరిక నిషేధం కాదు

మందు లేబుల్‌పై హెచ్చరిక చదివి, బిడ్డకు ఉబ్బసం ఇన్‌హేలర్ మాన్పించాలా అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. సాల్మెటెరాల్ చరిత్ర చూద్దాం. ఇది బిగిసిన శ్వాసనాళాలను 12 గంటలపాటు సడలిస్తుంది. లోపలి వాపును మాత్రం తగ్గించదు. దీన్ని వాడినవారిలో ఉబ్బసం మరణాలు ఎక్కువగా కనిపించగా, 2003లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లేబుల్‌పై తీవ్ర హెచ్చరిక చేర్పించింది. 2010లో, వాపును తగ్గించే స్టెరాయిడ్ తోడు లేకుండా ఉబ్బసానికి దీన్ని వాడరాదని నిర్దేశించింది. వైద్యులు ఈ మందును ఒంటరిగా రాయడం తగ్గించారు. రెండూ కలిపి ఇస్తే తీవ్ర ప్రమాదం పెరగడం లేదని పెద్ద పరీక్షల్లో తేలాక, 2017లో జంట మందులపై ఆ హెచ్చరికను తొలగించారు. ఒంటరి మందుపై అలాగే ఉంచారు.

హెచ్చరిక సరిదిద్దింది మందు వాడే పద్ధతిని. కనుక మీ అంతట మీరు మాన్పించకండి. ఇన్‌హేలర్‌ను వైద్యునికి చూపి, అందులో స్టెరాయిడ్ ఉందో లేదో అడగండి.