మూడు సినిమాల్లో పాతబస్తీ

ఈ మధ్య వరుసగా మూడు సినిమాలు చూశాను. పనిగట్టుకుని ఏరుకున్నవి కావు గానీ మూడింటిలోనూ పాతబస్తీయే ఉంది. నేను విమర్శకుణ్ణి కాను. మామూలు ప్రేక్షకుడిగా నాకు తోచింది రాస్తున్నాను.

ఒక్కడు (2003): ఎన్నోసారో గుర్తులేదు. గుణశేఖర్ కోసం కళాదర్శకుడు అశోక్ వేసిన చార్మినార్ సెట్టు ఇప్పటికీ ముచ్చటగానే ఉంది. కథానాయకుడి మేడ మీదికి వెళితే మీనార్లు చేతికందేలా కనిపిస్తాయి. అయితే ఆ ఇంట్లో వినిపించే భాషకూ ఆ వీధికీ సంబంధం లేదు. చార్మినార్ తీసి కొండారెడ్డి బురుజు పెట్టినా ఆ కుటుంబం మారదు.

ది అంగ్రేజ్ (2005): కుంట నిఖిల్ తీసిన ఈ చిన్న సినిమాలో సెట్టు లేదు, నోరుంది. ఇస్మాయిల్ భాయీ, అతని మిత్రబృందమూ చార్మినార్ దగ్గర ఛాయ్ తాగుతూ కోసే కోతలు విని కడుపుబ్బ నవ్వాను. "నక్కో", "కైకు" అనే దక్కనీ మాటలు అంతకుముందు మన సినిమాల్లో హాస్యనటుడి ఎంగిలి. ఇక్కడ అవే అసలు భోజనం. ఒక్కటే బెంగ. దీని తర్వాత దక్కనీ అంటే నవ్వించే భాషేనని స్థిరపడిపోయింది. అదే యాసలో ఒక తల్లి ఏడిస్తే మనం నవ్వకుండా వినగలమా?

బాజార్ (1982): ఆ ఏడుపు సాగర్ సర్హదీ వినిపించారు. గల్ఫ్ నుంచి డబ్బుతో వచ్చినవాడికి పేదింటి పిల్లను కట్టబెట్టే కథ. స్మితా పాటిల్ ముఖంలోని అపరాధ భావం రెండు రోజులు వెంటాడింది. సినిమా వచ్చిన తొమ్మిదేళ్ళకు, 1991లో, ఢిల్లీ వెళ్ళే విమానంలో ఏడుస్తున్న పాతబస్తీ బాలికను ఎయిర్ హోస్టెస్ గమనించి ఆరా తీసింది. వృద్ధుడైన సౌదీ దేశస్థుడికి ఆమెను పెళ్ళిచేసి పంపుతున్నారని అప్పుడు లోకానికి తెలిసింది. సర్హదీ అతిశయోక్తి చెప్పలేదన్నమాట.

మూడింటిలో నా ఓటు బాజార్‌కే. అయినా తృప్తి లేదు. ఒకరికి పాతబస్తీ అందం, ఒకరికి హాస్యం, ఒకరికి విషాదం. అక్కడ మామూలుగా బతికేవాళ్ళ మాటేమిటి? లాడ్ బజార్‌లో నిప్పుల ముందు కూర్చుని లక్క గాజులు చేసేవాళ్ళున్నారు. లాల్ దర్వాజాలో బోనమెత్తే ఇల్లాళ్ళున్నారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఉర్దూ మాట్లాడే అలియాబాదు కుటుంబాలున్నాయి. వాళ్ళ కథ నేను చూసిన తెలుగు సినిమాల్లో కనపడలేదు. మీరెవరైనా చూసి ఉంటే పేరు చెప్పండి, వెతికి మరీ చూస్తాను.