ముట్టుకోనివ్వని మిషను

"దూరంగా నిలబడు, ముట్టుకోకు." ఈ మాట మన తాతలు బావిగట్టు మీద విన్నారు. ఇవాళ కొన్ని ఇంజనీరింగ్ కాలేజీల వర్క్‌షాపుల్లో మన పిల్లలు వింటున్నారు. కులం పేరు చెప్పి కాదు, మిషన్లు చాలవని చెప్పి. ఒక్క లేత్ చుట్టూ ఇరవై మంది. సారు తిప్పుతాడు, వీళ్లు చూస్తారు. పక్కవాడి రికార్డు చూసి రాస్తారు. పాసవుతారు. రేపు ఫ్యాక్టరీ గేటు దగ్గర "లేత్ మీద పని చేశావా?" అంటే నోట మాట రాదు.

బాలానగర్‌లో బాబాయికి షెడ్డున్న పిల్లాడు సెలవుల్లో అక్కడ నేర్చుకుంటాడు. కూలికి పోయే తల్లి బిడ్డకు కాలేజీ వర్క్‌షాపు తప్ప వేరే షెడ్డు ఏది?

25 మిల్లీమీటర్ల కడ్డీని 20కి తగ్గించాలి. తేడా 5 కదా అని టూలును 5 లోపలికి జరిపితే కడ్డీ 15కు దిగుతుంది. తిరిగే కడ్డీ చుట్టూరా కోసుకుపోతుంది మరి! జరపాల్సింది రెండున్నరే, అదీ కొంచెం కొంచెంగా. పుస్తకంలో ఇది ఒక లైను. ఒక్క కడ్డీ పాడు చేసుకున్నవాడు జన్మలో మరవడు.

తోలు సున్నంలో ఎన్నాళ్లు నానాలో, తంగేడు చెక్క ఎంత పడాలో మన పెద్దలు చేత్తోనే తెలుసుకున్నారు. అదీ ఇంజనీరింగే. దానికి గౌరవం ఇవ్వని సమాజం అంటరానితనం అంటగట్టింది. చేతిపని నీచమనే ఆ బుద్ధి ఇంకా చావలేదు. మనం కులవృత్తికి తిరిగి పొమ్మనడం లేదు. పనితనం కావాలి, దానికి తగిన జీతం, గౌరవం కావాలి అంటున్నాం.

చట్టం ఉంది. 1961 అప్రెంటిస్ చట్టంలోకి 1973లో ఇంజనీరింగ్ పట్టభద్రులను చేర్చారు. ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ సీట్లలో రిజర్వేషన్ కూడా అందులో ఉంది. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, ఆపైన పనిచేసే సంస్థ 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. డిగ్రీ చదివినవారికి నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ అప్పుడే నిర్ణయించారు. అడిగేవాడు లేకపోతే ఇదంతా కాగితమే.

అన్నలారా, అక్కలారా! మీ ఊళ్లో ఇంజనీరింగ్ చదివే ప్రతి బిడ్డనూ అడగండి: "ఈ నెల నీ చేత్తో ఏం చేశావు?" ఏమీ లేదంటే పదిమంది కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి పొండి. మన పిల్లల ఫీజు కింద కాలేజీకి చేరేది ప్రజల సొమ్ము. తలా ఒక కడ్డీ, తలా కొన్ని గంటలు మిషను ఇవ్వమనండి. ఆడపిల్లలకూ అంతే ఇవ్వమనండి. చదువైనవాళ్ల చేత అప్రెంటిస్ దరఖాస్తు పెట్టించండి.

చూసి నేర్చింది పరీక్ష దాకా. చేసి నేర్చింది బతుకంతా.

జై భీమ్!