తడ ఆకాశంలో హద్దు దాటిన అంకె

తడ దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డున నిలబడితే శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ కనబడుతుంది. దాని కదలిక క్షణం ఆగదు. దాన్ని నడిపే కంప్యూటర్ మాత్రం ఆగి ఆగి కొలుస్తుంది. రెండు కొలతల మధ్య జరిగేది దానికి తెలియదు.

ఆ కంప్యూటర్ తప్పితే ఏమవుతుందో ఒకసారి చూశాం: 1993 సెప్టెంబరు 20న ఇస్రో తొలి పీఎస్‌ఎల్‌వీ సముద్రంలో పడింది. రెండో దశ విడిపోయే వేళ రాకెట్ ఊగింది. దాన్ని సరిదిద్దాల్సిన సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకె కంప్యూటర్ పట్టగలిగే హద్దు దాటింది. 1996లో యూరప్ రాకెట్ ఏరియాన్-5 కూలడానికీ అలాంటి లోపమే కారణం.

ఇస్రో తప్పు వెతికి దిద్దుకుంది, 1994 అక్టోబరు 15న రెండో ప్రయోగంలో గెలిచింది. కానీ మన ఇంజినీరింగ్ కాలేజీలు చాలావరకు ఇలాంటి నియంత్రణను నేర్పే కంట్రోల్ సిస్టమ్స్‌ను కాగితం మీదే ముగిస్తున్నాయి. ఇది విద్యార్థికి అన్యాయం. గాలి, బరువు అనుకున్నట్టు లేనప్పుడూ నిలిచే నియంత్రణ కావాలి. ప్రతి విద్యార్థీ తన ప్రోగ్రామ్‌ను నిజమైన మోటారుకు తగిలించి, అది ఎక్కడ చెడుతుందో చూడాలి. ఆ పరీక్షకు మార్కులుండాలి.